రెండో గుక్క

2084 నాటికి ‘బాగుంది’ అన్న మాటను నమ్మడం విశాఖపట్నంలో అందరూ మానేశారు. నాలుక మీద పలచని పొర, చెవి వెనక చిన్న బిళ్ల పెట్టుకుంటే చాలు. రుచి నాడుల సంకేతాలనూ, మెదడులో పుట్టే ఇష్టాన్నీ కలిపి చదివి, నూటికి ఇన్ని మార్కులని తెర మీద చూపించేసేది జిహ్వాలేఖిని. అత్తగారి పులుసును మెచ్చుకోవాలంటే కొత్త అల్లుళ్లు వణికిపోయే రోజులవి.

కిల్లో సన్యాసమ్మ ఆ యంత్రాన్ని నమ్ముకునే అరకు కొండ దిగింది. మనుషుల మీద ఆమెకు అంత నమ్మకం లేదు. తన చేలో మొక్కజొన్నతో తీసి, లోపల కాల్చిన ఓక్ పీపాలో ఏడేళ్లు మగ్గబెట్టిన బోర్బన్ విస్కీ తెచ్చింది. ఉన్నది ఒకే ఒక్క పీపా. దాన్లో సగం ఎండలకు ఆవిరైపోయింది. సర్కారు పరీక్ష రెండు దఫాలు. రెండింట్లోనూ డెబ్బై అయిదు దాటితే లైసెన్సు, లేకపోతే విస్కీ తీసే బట్టీకి సీలు.

మొదటి దఫాలో గ్లాసుల మీద అంకెలు తప్ప పేర్లు లేవు. ముగ్గురు న్యాయనిర్ణేతల్లో పెద్దవాడు ఆచంట నృసింహమూర్తి ఓ గుక్క తీసుకుని కళ్లు మూసుకున్నాడు.

“కాలిన బెల్లం... నిప్పుల మీద కాల్చిన కండె... ఆ వెనకాల నారింజ తొక్క. ఎవరిదో గానీ గొప్ప చెయ్యి!”

ముగ్గురి సగటు తెర మీద పడింది. 93.

రెండో దఫాకి సీసా బల్ల మీదికొచ్చింది. పేరు, ఊరు చదివారు. తయారుచేసిన మనిషిని ఎదురుగా నిలబెట్టారు. నృసింహమూర్తి ఆమె ముక్కు బేసరినీ, మోకాళ్ల దాకానే ఉన్న కొండవాళ్ల చీరకట్టునూ ఓసారి చూసి, గుక్క తీసుకున్నాడు.

“గొంతు గీరుకుంటోంది. సారా వాసన.”

ముగ్గురి సగటు 54.

“అదే పీపా బాబూ! అదే సీసా!” సన్యాసమ్మ గొంతు హాలంతా మోగింది. “ఇందాక తియ్యగున్నది ఇప్పుడెలా సేదైపోనాది?”

“ఏమ్మా, అరవకు. యంత్రం అబద్ధం చెప్పదు,” అన్నాడు నృసింహమూర్తి.

గోడ పక్కన నిలబడి చూస్తున్న డాక్టర్ హైమవతి వైపు తిరిగింది సన్యాసమ్మ. జిహ్వాలేఖినిని కనిపెట్టింది ఆవిడే. చిన్న బట్టీల వాళ్లకి న్యాయం జరగాలని ఈ పరీక్ష పెట్టించిందీ ఆవిడే.

“మేడమ్, మీ యంత్రం పాడైపోనాదా?”

హైమవతి సంకేతాలన్నీ తిరగేసి చూసింది. ఆమె మొహం ఎర్రబడింది. “పాడవలేదు. వాళ్లు అబద్ధమూ ఆడలేదు. మీరెవరో తెలిశాక వాళ్లకి నిజంగానే చేదనిపించింది.”

“అయితే ఆ సేదు నా సరుకుది కాదు గదా!”

“ముమ్మాటికీ కాదు.” హైమవతి నృసింహమూర్తి మీద విరుచుకుపడింది. “సిగ్గుగా లేదూ మీకు? పక్షపాతం లేని నాలుక ఎలా ఉంటుందో నేను చూపిస్తానుండండి.”

పొర అతికించుకుని, బిళ్ల పెట్టుకుని, నిండుగా ఓ గుక్క తాగింది. సన్యాసమ్మను చూసి నవ్వింది. “అద్భుతంగా ఉంది, సన్యాసమ్మగారూ.”

అందరూ ఆమె వెనక తెరనే చూస్తున్నారు. ఆమె కూడా వెనక్కి తిరిగి చూసింది.

49.

“పొర... సరిగ్గా అతుక్కోలేదేమో,” అంది హైమవతి.

“ఆ బాబు నన్ను సూసి మొకం సిట్లించాడు. మీరు నవ్వుతా సిట్లించారు.” అంది సన్యాసమ్మ. “మీకన్నా ఆ బాబే నయం!”

హైమవతి పొర పీకేసింది. “ఆపేయండి యంత్రాన్ని. ఈ అంకెలన్నీ కొట్టేయండి.”

“కొట్టేస్తే ఊరుకోను!” సన్యాసమ్మ బల్ల మీద చేత్తో చరిచింది. గ్లాసులు గల్లుమన్నాయి. “తొంబైమూడు, యాబైనాలుగు, నలబైతొమ్మిది. మూడూ కాయితం మీద రాసి, ఎవరిది వోళ్లు సంతకం పెట్టండి. పెట్టేదాకా ఈ హాలు కదల్ను.”

పెట్టక తప్పలేదు వాళ్లకి. హైమవతి సంతకం వంకర పోయింది.

లైసెన్సు రాలేదు. నిబంధన నిబంధనే అన్నారు. వారంలోగా బట్టీకి సీలు పడింది. సన్యాసమ్మ ఆ కాగితాన్ని సీలు పక్కనే తలుపుకి అతికించింది. అరకు చూడవచ్చిన వాళ్లు ఆగి, చదివి, కోపంతో ఊగిపోయేవారు. “ఛీ, ఏం మనుషులు! మేమైతేనా...” అనేవారు.

“మీ ఊళ్లో ఆ యంత్రం ఉంటాది గదా, ఒట్టుకురండి. సీసా నాకాడుంది,” అనేది సన్యాసమ్మ.

ఒక్కరూ మళ్లీ రాలేదు.