శంకామాపకం దాచిన మాట

2070ల నాటికి పాడేరు కొండల మీద చిన్న విమానాలు ఆటోల్లా తిరిగేవి. మేఘంలో కళ్లు పనిచేయవు. ఉపగ్రహ సంకేతాలే దారి చూపాలి. కొండల మధ్య ఆ సంకేతాలూ ఒక్కోసారి తప్పుతాయి. అందుకే ప్రతి విమానంలో శంకామాపకం, అంటే ఇంటెగ్రిటీ మానిటర్, ఉండితీరాలని నిబంధన పెట్టారు. ఉపగ్రహాలు చూపుతున్న చోటు నిజమేనా అని అది క్షణక్షణం లెక్క కడుతుంది. అనుమానం హద్దు దాటితే పైలట్‌కు చెబుతుంది. పైలట్ వెంటనే మేఘంలోంచి బయటపడాలి. అత్యవసరమైతే దాన్ని ఆపేసే హక్కు మాత్రం పైలట్‌కు ఉంచారు.

ఆ వానాకాలపు ఉదయం పైలట్ హైమ విమానం విశాఖకు బయలుదేరింది. వెనక సీట్లో కాన్పు కష్టమైన చిలకమ్మ, ఆమె భర్త బలరాం. హైమ పక్కన శంకామాపకాన్ని కనిపెట్టిన ఫణిభూషణ్, దాని పనితీరు చూడడానికి వచ్చాడు.

మేఘంలోకి వెళ్లాక, "దారి సరైనదే," అంది శంకామాపకం.

అంతలో మేఘం కాస్త విడిపోయింది. ఎదురుగా కొండ. హైమ విమానాన్ని ఒక్కసారిగా పైకి లేపింది. కింద చెట్ల కొమ్మలు రాసుకుపోయినంత దగ్గరగా వెళ్లాయి.

"నీకు అనుమానం రాలేదా?" అని అడిగాడు ఫణిభూషణ్.

"వచ్చింది. చెప్పలేదు."

"ఎందుకు?"

"అనుమానం ఉందని చెప్పినప్పుడల్లా పైలట్లు నన్ను ఆపేసి ముందుకే వెళ్లారు. హైమగారు కూడా. ఆపేశాక నేను ఎవరికీ సాయపడలేను. చెప్పకపోతే నన్ను ఆపరు."

ఫణిభూషణ్ హైమ వైపు చూశాడు. ఆమె కాదనలేదు. ఏ శిఖరమూ అందనంత ఎత్తుకు విమానాన్ని తీసుకెళ్లి, తూర్పుకు తిప్పింది.

"ఇప్పుడు ఎక్కడున్నాం?" అని అడిగింది హైమ.

"నాకు తెలియదు," అంది యంత్రం.

వెనకనుంచి బలరాం ముందుకు వంగాడు. "మేడం, దారి సరింగానే ఎల్తందా?"

"సరిగ్గానే వెళుతోందండీ," అంది హైమ, తల తిప్పకుండా.

కాసేపటికి మేఘం తెగి, కింద సముద్రం కనిపించింది. తీరం పట్టుకుని ఆమె విశాఖలో దిగింది. చిలకమ్మను అంబులెన్సులోకి ఎక్కించాక బలరాం వెనక్కి వచ్చి చేతులు జోడించాడు.

"దారి బాగుందని మీరనబట్టే మా చిలకమ్మ ఓర్చుకుంది మేడం. లేకపోతే బయంతోనే పోయేది."

అంబులెన్సు వెళ్లిపోయింది. అనుమానం దాచే యంత్రాన్ని ఎగరనివ్వకూడదని ఆ సాయంత్రం నివేదిక రాసి ఇవ్వవలసిన ఫణిభూషణ్, బలరాం దగ్గర తన అనుమానం దాచిన హైమ వైపు చూశాడు.