బ్లూ పాటలు

సోమవారం పొద్దున ప్రేమావతి ఉప్మా వడ్డించింది గానీ ముట్టుకున్నవాళ్లు లేరు. శంషాబాద్‌లో ఆ ఇంటి మీదుగా విమానాలు మామూలుగానే దిగుతున్నాయి. లోపల మాత్రం కొడుకు బ్లెసన్ సంచిలో బట్టలు కుక్కుతున్నాడు.

నిన్న చర్చి ఆరాధనలో ప్రార్థన మనవులు చెప్పుకునే వేళ, ఆమె భర్త, సంఘపెద్ద యెహోషువ లేచి నిలబడ్డాడు. తన కొడుకు దారి తప్పి బ్లూ పాటలు పాడుతున్నాడనీ, అందరూ వాడి కోసం మోకరించాలనీ కోరాడు. ఆడవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. మగవాళ్లలో ఇద్దరు ముగ్గురు, అవెక్కడ దొరుకుతాయన్నట్టు తలలెత్తారు. ఇంటి పరువు చేజేతులా తీసుకోవడంలో యెహోషువకు సాటి లేరు.

"బ్లూ కాదు బాపూ, బ్లూస్," అంది కూతురు జూలీ. "అన్న వాళ్ల బ్యాండు మొదటి ఆల్బమ్. ఇయ్యాలనే వచ్చింది."

"ఏదైతేంది? బ్లూ సిన్మలంటే ఏందో నాకు తెల్వదా?"

"బ్లూస్ అంటే దుఃఖమొస్తే పాడుకునే పాటలు. అమెరికాల చేన్లల్ల చాకిరి చేసిన నల్లోళ్లు పాడుకున్నరు. వీళ్లు దానికి గిటార్లు, డ్రమ్ములు గట్టిగ కలిపిన్రు, గంతే."

బ్లెసన్ సంచి జిప్పు లాగాడు. "షాద్‌నగర్‌ల కిరాయి రూము చూసుకున్న. సంఘం ముందల నన్ను గట్ల నిలబెట్టినవు. ఇగ ఈ ఇంట్ల ఉండ."

యెహోషువ సంచికి అడ్డంగా రెండడుగులు వేశాడు. నోటితో మాత్రం, "పో" అన్నాడు.

ప్రేమావతి ఫోను తెచ్చి భర్త ముందు పెట్టింది. "ఒక్క పాట ఇని అను. ఇనకుండనే గదా అందరికి చాటినవ్."

డ్రమ్ముల మోతకు యెహోషువ మొహం చిట్లించాడు. మోత తగ్గి కొడుకు గొంతు వచ్చింది. వాడొక చరణం పాడితే గిటారు దాన్నే అందుకుంటోంది, చర్చిలో తను పాడితే సంఘం అందుకున్నట్టు.

"బాపు డ్యూటీకి పాయె, నాకు నిద్ర రాదాయె..."

ఎయిర్‌పోర్టులో సామాను ఎక్కించే పని యెహోషువది. పిల్లల చిన్నతనమంతా అతనికి రాత్రి డ్యూటీలే.

పాట ఆగింది.

"గిది అబద్ధం," అన్నాడు యెహోషువ. "నేనొచ్చేసరికి నువ్వు నిద్రపోతుంటివి గదరా."

"లేదు బాపూ. ఊకె కండ్లు మూసుకుంటుంటి." బ్లెసన్ తల వంచుకున్నాడు. "నువ్వొచ్చి నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తుంటివి. మెలకువగున్నా అని తెలిస్తే చెయ్యి తీస్తవని."

పెళ్లాం పిల్లల ముందు యెహోషువ ఏడవడం అదే మొదలు. బ్లెసన్ సంచి వదిలేసి వచ్చి అతని ముందు కూర్చున్నాడు. యెహోషువ వాడి తల మీద చెయ్యి పెట్టాడు. ప్రార్థనకు మాటలు దొరకలేదు. చెయ్యి మాత్రం తీయలేదు.