పిచ్చమ్మ తూము దగ్గర పేలిన టైరు

మార్టూరు నుంచి చిలకలూరిపేట వస్తుంటే దారిలో ఒక తూము ఉండేది. పిచ్చమ్మ తూము అనేవాళ్లు. పగలు చూస్తే అక్కడేమీ ఉండదు. రెండు పిట్టగోడలు, కింద ఎండిపోయిన వాగు, అంతే. చీకటి పడితే మాత్రం మీసాలున్న లారీ డ్రైవర్లు కూడా అక్కడ దండం పెట్టుకుని పోయేవాళ్లు.

మిరపకాయలు కోసి ఇంటికి నడిచిపోతున్న పిచ్చమ్మని ఏదో బండి తొక్కేసి, ఆగకుండా పోయిందట. అప్పట్నుంచీ ఆవిడ వచ్చే పోయే ప్రతి చక్రాన్నీ పట్టుకు చూస్తుందట... తనని తొక్కింది ఇదేనా అని. ఆవిడ పట్టుకున్న టైరు పేలాల్సిందే.

ఈ సంగతి నాకు చెప్పింది బుడాన్. తూముకి ఫర్లాంగు దూరంలో అతని పంక్చర్ల బంకు. "పిచ్చమ్మ పేలుస్తుంది, బుడాన్ అతుకేస్తాడు" అని మేం ఎగతాళి చేసేవాళ్లం. అతను మాత్రం ఎప్పుడూ నవ్వేవాడు కాదు. ఎందుకు నవ్వడో అతని నోట ఈ కథ విన్నాక తెలిసింది.

ఎనభై నాలుగు, ఫిబ్రవరి నెల. మార్టూరు దగ్గర పల్లెలో రామమూర్తి అని, గుంటూరు వ్యాపారులకి మిరపకాయలు కొనిపెట్టే మనిషి ఉండేవాడు. రైతులెవరైనా కాయకి నూనె రాసి మెరిపిస్తే బొటనవేలితో ఒక్కసారి రుద్ది, మొహం మీదే చెప్పేసేవాడు. అతని భార్య సీతారత్నానికి మొదటి కాన్పు ఎద్దుల బండిలోనే అయిపోయింది. చిలకలూరిపేట ఆసుపత్రికి చేరేసరికి బిడ్డ లేదు. ఈసారి బిడ్డ దక్కాలంటే ఇంట్లో కారు ఉండాల్సిందేనని పట్టుబట్టాడు రామమూర్తి.

నరసరావుపేటలో ఉండే బావగారు, అంటే సీతారత్నం సొంత అన్న రాధాకృష్ణమూర్తి, తన పాత అంబాసిడర్ అమ్ముతానన్నాడు.

"బయట కొంటే మోసపోతావు బావా" అన్నాడట.

రామమూర్తి వెళ్లి చూశాడు. బానెట్ ఎత్తాడు, హారన్ కొట్టాడు, ఇంజను చప్పుడు విన్నాడు. టైర్లు నల్లగా నిగనిగలాడుతున్నాయి, గాట్లు లోతుగా ఉన్నాయి. వంగి వేలు పెట్టి చూడబోయాడు కూడా. ఇంతలో బావగారు కాఫీ పట్టుకొచ్చాడు. పిల్లనిచ్చిన వాళ్ల కారుని నలిపి చూస్తే ఏం బాగుంటుంది? లేచి నిలబడ్డాడు. బజార్లో ఎవడి సరుకునీ నమ్మనివాడు, చుట్టాల సరుకు దగ్గరికొచ్చేసరికి చేతులు వెనక్కి కట్టుకున్నాడు. మా వైపు మర్యాదలే అంత! నాకు ఒళ్లు మండేది అందుకే.

తాళాలిస్తూ బావగారు చెవిలో అన్నాడట—

"చెల్లాయిని తీసుకెళ్లేటప్పుడు ఆ తూము దగ్గర మాత్రం ఆగకు. కాలు తియ్యకుండా తొక్కు. అక్కడ టైర్లు పేలతాయి... అంతా ఆవిడ పని."

నెల తిరక్కుండానే సీతారత్నానికి నొప్పులొచ్చాయి. రాత్రి పదకొండు దాటింది. భార్యని వెనక సీట్లో పడుకోబెట్టి రామమూర్తి బయల్దేరాడు. రోడ్డుకి రెండు పక్కలా కళ్లాల్లో మిరపకాయలు. గాలి నిండా ఘాటు.

"ఎంత దూరమండీ?"

"తూము వస్తోంది. గట్టిగా పట్టుకో" అన్నాడు... తొక్కాడు.

పిట్టగోడలు లైట్ల వెలుగులోకి వచ్చాయి... ఇంకాస్త తొక్కాడు... స్టీరింగు వణికింది—

ఢాం!

కారు ఎడమ పక్కకి లాగేసింది. గోడకి జానెడు దూరంలో ఆగింది. లైట్లు ఆరిపోయాయి. చప్పుడు లేదు. సీతారత్నం మూలుగు ఒక్కటే... ఆ తర్వాత, తూము అవతల, నేల మీద ఏదో ఈడ్చుకుంటూ వస్తున్న శబ్దం.

తెల్లగా ఒక ఆకారం... దగ్గరికొస్తోంది.

"తల్లీ, పిచ్చమ్మా..." రామమూర్తి చేతులు జోడించాడు. "నీ కాళ్లకి దండం పెడతాను. ఈ బిడ్డనైనా వదిలెయ్..."

"నేనండీ, బుడాన్‌ని. చప్పుడినొచ్చా."

తెల్ల లుంగీ, చేతిలో మసిపట్టిన లాంతరు, వెనకాల ఈడుస్తున్న జాకీ!

అప్పుడే దెయ్యం నుంచి తప్పించుకున్నవాడికి ఎంత ఓపికుంటుంది? "స్టెప్నీ వెయ్యవయ్యా, తొందరగా!" అని అరిచాడు. బుడాన్ పేలిన టైరు ముందు కూర్చున్నాడు. గాట్లలో బొటనవేలు పెట్టి నొక్కాడు. వేలికి నల్లరంగు అంటుకుంది. గాటు అడుగున తెల్లగా నూలు పోగులు. లేచి మిగతా మూడూ చూశాడు, స్టెప్నీ చూశాడు.

"ఏంటయ్యా?" గుసగుసగా అడిగాడు రామమూర్తి.

"ఇయి కంపెనీ గాట్లు కాదండీ. బోడిగా అరిగిన టైరుకి కత్తి కాల్చి కోశారు, పైన రంగు పూశారు. ఎద్దుల బండికైతే మేమూ కోస్తాం, ఎద్దు నడకకి పర్లేదు. కారుకేస్తే చంపుద్ది. అయిదూ అంతేనండీ."

"మరి... పిచ్చమ్మ?"

"ఆ తల్లి ఎవర్నేం చేసింది బాబూ? ఆవిడంటే భయపడి అందరూ ఇక్కడే గట్టిగా తొక్కుతారు. అరిగిన టైరు ఇక్కడే పోద్ది."

రామమూర్తి పిట్టగోడ మీద కూలబడ్డాడు. కారులోంచి సీతారత్నం గొంతు వినిపించింది.

"మా అన్నయ్యకి తెలిసుండదండీ. ఆయన్నీ ఎవరో మోసం చేసుంటారు."

"అంతే అయ్యుంటుంది" అన్నాడు రామమూర్తి. అలా అనుకోకపోతే ఆ రాత్రి గడవదు మరి.

బుడాన్ రోడ్డుకి అడ్డంగా నిలబడి లాంతరు ఊపాడు. మూడు లారీలు అతన్ని దెయ్యమనుకుని ఆగకుండా పోయాయి. నాలుగోది, పత్తి బేళ్ల లారీ, ఆగింది. క్యాబిన్‌లో పడుకోబెట్టి తీసుకెళ్లారు. తెల్లవారుజామున ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం.

రామమూర్తి ఆసుపత్రి ఎదురు కొట్లోంచి బావగారికి ఫోన్ చేసి, ఆడపిల్ల పుట్టిందని మాత్రం చెప్పాడు. ఇంకో ముక్క చెప్పలేదు.

పొద్దున, రాత్రి తన దగ్గర వదిలిపోయిన కారు తాళాలిద్దామని బుడాన్ ఆసుపత్రికి వెళ్లాడు. అప్పుడే నరసరావుపేట బస్సు దిగి, బత్తాయిల సంచీతో రాధాకృష్ణమూర్తి వచ్చాడు. గుమ్మంలోనే ఆగాడు. పాపవైపు ఇంకా చూడనైనా లేదు. రామమూర్తి దగ్గరగా వంగి, మెల్లగా అడిగాడు.

"బయట కారు లేదేం బావా? పేలింది ముందుదా, వెనకదా?"

మంచం మీద సీతారత్నం విన్నది. పిల్లని గోడవైపుకి జరిపి, తను అడ్డంగా లేచి కూర్చుంది.

"అక్కడే ఉండు అన్నయ్యా. పాపని ముట్టుకోకు."