అరవై నాలుగో పేరు

ఆ ఆదివారం పొద్దున బీరన్న సార్ టీ చల్లారిపోయేదాకా హాజరు పట్టీ రాస్తూనే ఉన్నాడు. పట్టీలో పిల్లల పేర్లు లేవు. కంప్యూటర్‌లో కంటికి కనబడకుండా వెనక నడిచే ప్రోగ్రాముల పేర్లు ఉన్నాయి. టాస్క్ మేనేజర్ తెరిచి, కళ్లజోడు పైకి తోసుకుంటూ, ఇంగ్లిష్ అక్షరాలు కూడబలుక్కుంటూ ఒక్కొక్కటే దింపుకుంటున్నాడు. అరవై నాలుగు అయ్యాయి.

“ఛాయ్ రెండుసార్లు వేడి జేసిన. మూడోసారి జెయ్య,” అంది మైసమ్మ. “రిటైరై రెండేండ్లాయె, ఇంకా హాజరు తీసుకునుడేనా?”

“దీంట్ల ఎవడో దొంగ ఉన్నడు.”

“దొంగ పేరు రాపిచ్చుకుంటడా?”

బీరన్న మళ్లీ పట్టీ మీదికి వంగాడు. ఆయన రోజూ కంప్యూటర్ ముందు కూర్చుని కొడుకు అంజికి ఉత్తరం టైపు చేస్తాడు. అంజి కామెర్లు ముదిరి చనిపోయి ఐదు నెలలైంది. ఉత్తరాల సంగతి మైసమ్మకు తెలియదు. పాత ప్రశ్నపత్రాలు సర్దుతున్నానని చెబుతాడు. నిన్న సాయంత్రం ఆరింటికి ఎప్పటిలాగే ఆపేసి నడకకు బయల్దేరాడు. ఒక వాక్యం గుర్తొచ్చి, దారిలోంచి వెనక్కి వచ్చి తెర వెలిగించాడు. బాణం గుర్తు ఎవరూ ముట్టకుండానే కదులుతోంది. చూస్తుండగానే అది ఉత్తరాన్ని మూసింది. తర్వాత తెర నల్లబడింది.

ఎవరో చదువుతున్నారు. ఆ ఆలోచన రాత్రంతా ఆయనను పడుకోనివ్వలేదు.

పదకొండింటికి షెహబాజ్ వచ్చాడు. వికారాబాద్ బస్టాండు దగ్గర అతనికి కంప్యూటర్ల దుకాణం ఉంది. ఒకప్పుడు బీరన్న దగ్గర చదువుకున్నవాడే. పట్టీ చూసి నవ్వాపుకున్నాడు.

“చూడుండ్రి సార్. పేరు మీద కుడి మీట నొక్కితే అది ఏ ఫోల్డర్ల ఉంటదో, ఎవరు తయారు జేసిండ్రో కనబడ్తది. ఇల్లు, కన్నోళ్ల పేరు తెలిస్తే ఫికర్ లేదు. ఇది గడియారం దిద్దేది. ఇది ప్రింటర్‌ది. ఇవన్నీ విండోస్ సొంతవే.”

“పందొమ్మిదో నంబరు?”

“అది గూడ సొంతదే. సార్, మీరు గిట్ల ఒక్కొక్కటి అడిగితే పొద్దుగూకి మగ్రిబ్ నమాజు యాళ్ల అయితది.”

“అయితే కానీ. బడిల గూడ గిట్లనే దాటేస్తుంటివి.”

షెహబాజ్ నిట్టూర్చి మళ్లీ మొదలుపెట్టాడు. అరవై మూడు పేర్లకు ఇల్లూ వాకిలీ దొరికాయి. చివరి పేరు దగ్గర ఆగిపోయాడు.

“ఇదొక్కటి బయటిది సార్. దీంతోని దూరంకెల్లి మీ కంప్యూటర్ నడిపించొచ్చు.”

“స్పైవేరా?”

“మీరే పెట్టుకుంటే కాదు. మీకు తెల్వకుండ పెడితే స్పైవేరే. నాలుగేండ్ల కిందనే పెట్టిండ్రు.” అతను ఇంకేదో తెరిచి చూశాడు. “రోజూ సాయంత్రం ఆరూ పదికి వస్తున్నరు. నిమిషం గూడ ఉంటలేరు. సేవ్ జేసి, షట్‌డౌన్ జేసి పోతున్నరు. గిసొంటి దొంగను నేను చూడలే సార్.”

“ఎవడు వాడు?”

షెహబాజ్ తెరను ఆయన వైపు తిప్పాడు. తెర మీద వచ్చినవారి కంప్యూటర్ పేరు ఉంది. అంజి.

మైసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బీరన్న లేచి చొక్కా వేసుకున్నాడు. అంజి ల్యాప్‌టాప్ కోడలు నవనీత దగ్గర ఉంది. నవనీత తాండూరులో తల్లిగారింట్లో ఉంది.

“తీసేయాల్నా సార్?”

“ఆగు. మొదలు అడిగొస్త.”

“గింత ఎండల ఎక్కడికి? ఫోన్ల అడుగరాదా?” అంది మైసమ్మ.

“ఫోన్ల మొఖం కనబడదు.”

ఆయన వినడని తెలిసి, విసుక్కుంటూనే చెప్పులు వేసుకుని ఆమె కూడా బస్సెక్కింది.

తాండూరులో రాళ్లు కోసే మిషన్ల చప్పుడు ఆ వీధి దాకా వినిపిస్తోంది. నవనీత ఇద్దరికీ నీళ్లు తెచ్చి పెట్టింది. బీరన్న గ్లాసు ముట్టలేదు. పట్టీ తెరిచి చివరి పేరు మీద వేలు పెట్టాడు.

“ఇది నువ్వేనా?”

ఆమె చూసి తలూపింది. “కూసోండ్రి మామా.”

“కూసునేతందుకు రాలే. ఐదు నెలల్ల ఒక్క ఫోన్ లేదు. దొంగతనంగ మాత్రం రోజూ వస్తున్నవు.”

“మీరు జేసిండ్రా ఫోను?”

“నవనీతా,” అంది మైసమ్మ.

“అడుగనీ అత్తమ్మా. మామా, మీరు కంప్యూటర్ ఎట్ల బంద్ జేస్తరు?”

“ఎట్లేంది? మీట నొక్కి.”

“ఏ మీట?”

“తెర కిందిది.”

“అది తెరకే మామా. బల్ల కింద సీపీయూ డబ్బా నడుస్తనే ఉంటది. చాలు జేసేటప్పుడు రెండు మీటలు నొక్కుతరు, బంద్ జేసేటప్పుడు ఒక్కటే.”

ముప్పై నాలుగేళ్లు పాఠాలు చెప్పిన మనిషికి చెవులు వేడెక్కాయి.

“ఆయన నాలుగేండ్లు ఆఫీసుల కూసోని రోజూ ఆరూ పదికి బంద్ జేసిండు. మీరు సేవ్ జేసుడు మరిచిపోతే సేవ్ జేసిండు. ఒకసారి చెప్పరాదా అంటే, నాన్నకు నామోషీ అయితది అన్నడు. దవాఖానల మంచం మీదికెల్లి గూడ జేసిండు. చేతగాని దినం ల్యాప్‌టాప్ నాకిచ్చి, జర నువ్వు జెయ్యి అన్నడు.” ఆమె పట్టీ మడిచి ఆయన చేతికిచ్చింది. “ఇగ చాలు అని నాకు ఎవ్వరు చెప్పలే.”

బీరన్న కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు.

“చదివినవా?”

“ఒక్కసారి ఒక్క లైను కండ్లవడ్డది. అప్పట్నుంచి చూపు పక్కకు పెట్టే నొక్కుతున్న.”

“ఏ లైను?”

“కోడలిని ఉండమని అనలేకపోయాను అని.”

అంజి పోయిన పదకొండో రోజున ఆమె తండ్రి ఆమెను తీసుకుపోతానంటే, ‘పోనీ, ఇక్కడుండి ఏం జేస్తది’ అన్నాడు బీరన్న. లోపలి గదిలో ఆ మాట ఆమెకు వినబడింది.

“ఆయనకు రాసిండ్రు మామా. నాకు చెప్పలే,” అంది నవనీత. “రోజూ మీ కంప్యూటర్ చాలు అయినట్టు ల్యాప్‌టాప్‌ల ఆకుపచ్చ చుక్క కనబడ్తది. మామ లేచిండు, కూసున్నడు అనుకుంట. ఇయ్యాళన్న ఫోన్ జేస్తరేమో అనుకుంట.”

మైసమ్మ ఒకసారి భర్త వైపు, ఒకసారి కోడలి వైపు చూసింది. ఏ ఉత్తరాలని అడగలేదు.

బీరన్న గ్లాసు తీసుకుని నీళ్లన్నీ తాగాడు.

“తప్పయింది బిడ్డా. ఉండమంటే నాకు ఏడుపొస్తదని పొమ్మన్న. గా ఇల్లు నీది. వస్తనంటే ఇప్పుడే తోలుకపోతం. రానంటే నీ ఇష్టం.” ఆయన ఆగాడు. “ఆరూ పదికి మాత్రం రా.”

నవనీత మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. మైసమ్మ వెళ్లి పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేసింది.

“వచ్చే ఆయితారం వస్త మామా,” అంది నవనీత కళ్లు తుడుచుకుని. “బంద్ జేసుడు నేర్పుత.”

“నేర్పకు,” అన్నాడు బీరన్న.

మర్నాడు పొద్దున్నే షెహబాజ్‌కు ఫోన్ చేసి, దేన్నీ తీసేయొద్దని చెప్పాడు. సాయంత్రం ఆరింటికి తెర ఆపాడు. నడకకు మాత్రం వెళ్లలేదు. బల్ల కింద డబ్బా సన్నగా హోరుమంటోంది. ఇన్నేళ్లలో ఆ చప్పుడు ఆయన ఎప్పుడూ వినలేదు. వింటూ కూర్చున్నాడు. ఆరూ పదికి అది ఆగిపోయింది.

“బంద్ జేసినవా?” అంది మైసమ్మ వంటింట్లోంచి.

“కోడలు జేసింది,” అన్నాడు.