మిషన్ ఆగినప్పుడు అన్న మాట

ఆ పొద్దున ఆకాశం కురిసేలా లేదు, తెరిపిచ్చేలా లేదు. సరిగ్గా పిండకుండా ఆరేసిన పాత దుప్పటిలా ఇళ్ల మీద వేలాడుతోంది. కోడలు కిటికీలోంచి చూసి, "ఇవాళ ఏవీ ఆరవు" అనుకుంది. లాండ్రీలో పనిచేసేవాళ్లకి ఆకాశాలు రెండే రకాలు. బట్టలు ఆరేది, ఆరనిది.

వెనక కుళాయి దగ్గర మామ అప్పటికే మొదలుపెట్టాడు. నీళ్లు సన్నగా వస్తున్నాయని కుళాయిని ఒక మాట అన్నాడు. బకెట్టు కాలికి తగిలితే దాన్నీ అదే మాట అన్నాడు. ఆ మాట ఇక్కడ రాయదగ్గది కాదు. ఆడదాన్ని బజార్లో నిలబెట్టే మాట.

"తువ్వాలు ఎక్కడ తగలేశావే?" అని అరిచి, చివర ఆ మాటే తగిలించాడు.

"మీ భుజం మీదే ఉంది," అంది అత్త.

"ముందే చెప్పి ఏడవచ్చుగా!"

"మీరు ముందే అడగలేదుగా."

వాళ్ల కొడుకు పళ్లు తోముకుంటూ నవ్వాడు. ఆ ఇంట్లో అది తిట్టు కాదు. పొద్దున్నే వచ్చే పాలబ్బాయి కేకలాంటిది. మామ ఒకప్పుడు లారీ తోలేవాడు. స్టీరింగు వదిలేశాడు గానీ నోరు వదల్లేదు. "ఆయన నోరంతే, మనసు వెన్న," అని పెళ్లయిన కొత్తలోనే అత్త కోడలికి చెప్పింది. వెన్న సంగతి దేవుడెరుగు. నోరు మాత్రం రోజూ కనపడేది.

కోడలు అన్నం డబ్బా సంచీలో పెట్టుకుని బయటపడింది. ఆ ఇంట్లోంచి బయటికి అడుగుపెట్టడానికి ఆమెకున్నది ఆ పని ఒక్కటే. ఎవరూ ఇప్పించింది కాదు, తను వెతుక్కున్నది. వద్దన్నవాళ్లని ఒప్పించి మరీ చేరింది.

లాండ్రీ అంటే పెద్ద రేకుల షెడ్డు. హోటళ్ల దుప్పట్లు, ఆసుపత్రుల దుప్పట్లు మూటలుగా వస్తాయి. ఒక పక్క ఉతుకు, ఇంకో పక్క ఇస్త్రీ. ఇస్త్రీ చేసేది రోలరు మిషన్. మనిషి నడుమంత లావు ఇనుప గొట్టం, దాని కడుపులో ఆవిరి. దుప్పటికి ఇటు మూల ఒకరు, అటు మూల ఒకరు పట్టుకుని ఒకే బిగువుతో లోపలికి అందించాలి. ఒకరు తొందరపడ్డా, ఒకరు జాగు చేసినా దుప్పటి వంకరపోయి మడత పడుతుంది. మళ్లీ ఉతుక్కి పోవాలి. అందుకే రోలరు దగ్గర జంటలు మార్చరు. మొగుడూ పెళ్లాలైనా విడిపోవచ్చు గానీ రోలరు జంట విడిపోదని షెడ్డులో అంటారు.

కోడలికి దొరికిన జంట నసమ్మ. అది షెడ్డువాళ్లు చాటున పెట్టుకున్న పేరు.

నసమ్మ పెద్దావిడ. పనిలో వంక పెట్టడానికి లేదు. చిక్కంతా అక్కడే ఉంది. తన పనిలో వంక లేనివాళ్లకి పక్కవాళ్ల పనిలో తప్ప వంకలు దొరకవు.

"పిల్లా, మూల!"

"పట్టుకున్నా పిన్నీ."

"అది పట్టుకోవడమా? పిల్లిపిల్లని ఎత్తుకున్నట్టుంది. బిగువు!"

ఒక నిమిషం ఆగి, "పిల్లా, జడ ముడేసుకో. మిషన్ మింగుతుంది." ఇంకో నిమిషానికి, "గోళ్లు తీసుకో. దారాలు లేస్తున్నాయి." తినడానికి కూర్చుంటే, "అంత గబగబా మింగకు. మధ్యాహ్నం నిద్రొస్తుంది." అన్నీ మంచి మాటలే. మంచి మాటలు పొద్దున్నించి సాయంత్రం దాకా నెత్తి మీద చుక్కచుక్కగా పడుతుంటే ఎలా ఉంటుందో, కారే కప్పు కింద పడుకున్నవాళ్లనడగాలి.

రోలరు తిరుగుతున్నంతసేపూ షెడ్డంతా హోరు. నసమ్మ ఆ హోరు మీంచి అరుస్తుంది. కోడలు అరవదు, గొణుక్కుంటుంది. అక్కడ అందరూ అంతే. మేనేజర్ని, మిషన్‌ని, అత్తల్ని, ఆడపడుచుల్ని ఆ హోరులోనే తిట్టుకుని, సాయంత్రానికి తేలికపడి ఇళ్లకి పోతారు. కోడలు మొదట్లో "అబ్బబ్బా" అనేది. తర్వాత "నీ నోరు పడిపోను" అనేది. ఎప్పుడొచ్చిందో ఏమో, మామ మాట వచ్చి నాలుక మీద పీట వేసుకుని కూర్చుంది.

ఆ రోజు అనుకున్నట్టే అయింది. దుప్పట్లన్నీ చెమ్మగా వచ్చాయి. చెమ్మ గుడ్డ బరువు, రోలరు దగ్గర జారదు. మధ్యాహ్నానికే ఇద్దరి చేతులూ లాగేస్తున్నాయి.

"పిల్లా, ఎడం పక్క!" అరిచింది నసమ్మ.

"సరిగ్గానే ఉంది పిన్నీ!"

"నాకు కళ్లు లేవా? వంకర పోతోంది!"

"మీరు లాగుతున్నారు, అందుకే పోతోంది!"

"నేనా! నువ్వు పుట్టకముందు నుంచీ పడుతున్నా ఈ మూల. ఇంట్లో పక్కలు కూడా ఇలాగే పరుస్తావా? పాపం మీ అత్త. నిన్నెలా భరిస్తోందో!"

అప్పటిదాకా గొణిగిన కోడలు ఈసారి గొణగలేదు. నసమ్మ వైపు తిరిగి, గొంతు చించుకుని, మామ మాట అంది.

సరిగ్గా అప్పుడే నసమ్మ పైనున్న ఎర్రతాడు లాగింది. దుప్పటి వంకరపోతే మిషన్ ఆపడానికి ఉన్న తాడది. రోలరు ఆగిపోయింది. హోరు ఆగిపోయింది. మాట మాత్రం ఆగలేదు. చప్పుడాగిన షెడ్డులో తిరిగి, రేకులకి తగిలి, అందరి చెవుల్లోనూ పడింది.

నసమ్మ చెయ్యి తాడు మీదే ఉంది. ఇక మీద పడుతుందనుకున్నారు అందరూ. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఉతుకు మూటల చాటుకి వెళ్లిపోయింది. నసమ్మ మాట్లాడకుండా ఉండటం ఆ షెడ్డులో ఎవరూ చూసి ఎరగరు.

మేనేజర్ కోడల్ని పిలిచాడు. అలసిపోయిన మనిషి.

"ఆవిడ నస నాకు తెలీదా అమ్మా? నా బల్ల మీద దుమ్ము కూడా నాకే చూపిస్తుంది. కానీ ఆ మాటేంటి? తల్లిలాంటి మనిషిని?"

"తప్పయిపోయింది సార్."

"నాకు కాదు. రేపు పొద్దున మిషన్ వేసేముందు, అందరి ముందూ ఆవిడకి చెప్పు. చెప్పలేనంటే రావద్దు. ఇవాల్టికి వెళ్లు."

కోడలు వేళ కాని వేళ ఇంటికొచ్చింది. సాయంత్రం మొగుడు వచ్చేదాకా నోరు విప్పలేదు. వచ్చాక విప్పక తప్పలేదు.

సంగతి వినగానే మామ కుర్చీలోంచి లేచాడు. "బాగా చేశావ్! ముసలిదానికి అలాగే కావాలి. క్షమాపణ లేదు, గిమాపణ లేదు. రేపు నేనొచ్చి ఆ మేనేజరు సంగతి తేలుస్తా!"

"ముందు ఏమందో కనుక్కోండి నాన్నా," అన్నాడు కొడుకు. "ఏమన్నావు నువ్వు?"

కోడలు గోడ వైపు చూసింది.

"దున్నపోతు అన్నావా?" మామ ఉషారుగా అడిగాడు.

"కాదు మామయ్యా."

"గాడిదా?"

"కాదు."

ఆయన తిట్లలో ఇంకో రెండు మెట్లు దిగి అడిగాడు. ఆమె తల అడ్డంగానే ఊపింది. ఆయన ఉషారు తగ్గుతూ వచ్చింది. వంటింటి గుమ్మంలో నిలబడి వింటున్న అత్త మెల్లగా, "అదేనా?" అంది.

కోడలు తల దించుకుంది.

"ఛీ!" అన్నాడు మామ. "ఆడపుట్టుక పుట్టి! ఆ మాట నోట్లోకెలా వచ్చింది? పదిమందిలో నా పరువేం కాను? ఎక్కడ నేర్చుకున్నావ్ అది?"

కోడలు తలెత్తింది.

"ఎక్కడ నేర్చుకుంటాను మామయ్యా? మా అమ్మ నేర్పలేదు. బళ్లో చెప్పలేదు. మీరు కుళాయికి చెప్పారు, బకెట్టుకి చెప్పారు, అత్తయ్యకి చెప్పారు. ఎవరికీ రాలేదు. నాకొచ్చింది."

"ఏయ్!" అన్నాడు మొగుడు. "నాన్న సంగతి వేరు. ఆయనకి అలవాటు."

"నాకూ అలవాటే అయిందండీ."

"ఆయన మనసులో ఏమీ ఉండదు."

"నా మనసులో ఏముంది? దుప్పటి వంకరపోయింది, అంతేగా? మరి ఆవిడెందుకు ఏడ్చినట్టు?"

అత్త గుమ్మం దాటి ముందుకొచ్చింది.

"ఏడ్చిందా?"

"ఏడ్చింది అత్తయ్యా. మూటల చాటుకెళ్లి."

"నోటికి కొంగు అడ్డం పెట్టుకుందా?"

కోడలు బిత్తరపోయింది. "మీకెలా తెలుసు?"

"అలాగే ఏడవాలి. చప్పుడు రాదు."

మామ ఆవిడ వైపు తిరిగాడు. "నువ్వెప్పుడు ఏడ్చావే?"

"మీకు వినపడేలా ఏడ్చేదాన్నయితే చాటెందుకు?"

"అదేంటి... అది ఊతపదమే! నిన్ను అని కాదు. నోటికలా వస్తుంది."

"ఊతపదమే. కాదని ఎవరన్నారు?" అత్త గొంతు పెంచలేదు. "ఊత మీది. బరువు మాది."

మామ నోరు తెరిచాడు. అలవాటైన మాట పెదాల దాకా వచ్చినట్టే ఉంది. నోరు మూసుకుని వాకిట్లోకి వెళ్లి మెట్టు మీద కూర్చున్నాడు. కొడుకు అటు వెళ్లాలో ఇటు నిలబడాలో తెలియక, వెలుగుతున్న లైటునే ఆర్పి, మళ్లీ వేశాడు.

వంటింట్లో అత్త బియ్యం కడుగుతోంది. కోడలు పక్కన నిలబడింది.

"రేపు వెళ్తావా?"

"వెళ్తాను. పని పోతే నేనుండలేను అత్తయ్యా."

"వెళ్లు. కానీ కోపంలో నోరు జారిందని మాత్రం అనకు. ఆ ముక్క వినీ వినీ చెవులు తూట్లు పడ్డాయి నాకు."

"మరి ఏమనాలి?"

అత్త చెయ్యి నీళ్లలో ఆగిపోయింది.

"ఏమో అమ్మా. నాకెవరు చెప్పారు గనక, నాకు తెలియడానికి?" అంది. అప్పుడు మాత్రం ఆవిడ కళ్లు నిండాయి. కోడలికి ఏం చెయ్యాలో తోచక, ఆవిడ చేతిలోంచి గిన్నె తీసుకుని కడిగిన బియ్యమే మళ్లీ కడిగింది.

మర్నాడు రోలరు చల్లగా, చప్పుడు లేకుండా ఉంది. మేనేజర్ స్విచ్చు దగ్గర నిలబడ్డాడు. ఉతుకు పక్క వాళ్లు కూడా తడి చేతులతో వచ్చి నిలబడ్డారు. నసమ్మ తన మూల దగ్గర తను ఉంది, ఎవర్నీ చూడకుండా.

"పిన్నీ," అంది కోడలు. రాత్రంతా కూడబెట్టుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. ఉన్నదే చెప్పింది. "నిన్న నాకు నోరు జారలేదు. ఆ మాట రోజూ అంటూనే ఉన్నాను. మిషన్ హోరులో మీకు వినపడలేదు. ఇక అనను."

షెడ్డులో చాలామంది తమ కాళ్ల వైపు చూసుకున్నారు.

"రోజూనా?" అంది నసమ్మ.

"రోజూ."

"ఇదేం క్షమాపణే పిల్లా? నిన్నటి ఒక్కదానికే ఏడ్చి చచ్చాను. ఇప్పుడు అన్నిటికీ కూర్చుని ఏడవాలా?"

ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. కోడలికి నవ్వు రాలేదు, కన్నీళ్లొచ్చాయి.

"ఏడుపాపు. దుప్పట్ల మీద పడతాయి," అంది నసమ్మ. తర్వాత గొంతు తగ్గించింది. ఆ గొంతు ఎవరూ వినలేదు అంతకుముందు. "నన్ను మొద్దు అను, మొండి అను. నస అంటారని నాకు తెలీదనుకున్నారా మీరంతా? అనుకోండి. ఆ మాట మాత్రం వద్దు. మా ఇంట్లో ఒకాయన అనేవాడు. పోయాడు. ఆయనతోపాటే పోయిందనుకున్నా."

ఆవిడ ఒంగి దుప్పటి తీసి ఒక మూల కోడలి చేతిలో పెట్టింది.

"పట్టు. పట్టడమంటే పట్టడం."

మేనేజర్ స్విచ్చు వేశాడు. ఆ రోజంతా నసమ్మ ఎప్పటిలాగే అరిచింది. బిగువంది, గోళ్లంది, నిన్న కన్నా అన్యాయంగా ఉందంది. కోడలికి చిరాకు ఎప్పటిలాగే వచ్చింది. పళ్లు కొరుక్కుంది. పెదాలు మాత్రం కదల్లేదు.

సాయంత్రం వంటింట్లో అత్త, "ఏమన్నావు చివరికి?" అని అడిగింది. కోడలు ఉన్నది ఉన్నట్టు చెప్పింది, నసమ్మ తన ఇంటాయన గురించి చెప్పిన మాటతో సహా. చెబుతుంటే పక్కగదిలో కుర్చీ కిర్రుమంది. నిన్న సాయంత్రం నుంచీ మామ ఒక్క మాట మాట్లాడలేదు.

వడ్డించడానికి అత్త గిన్నెలు తెచ్చేసరికి ఆయన వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. భుజం మీది తువ్వాలు తీసి చేతిలో నలిపాడు. కొడుకు వైపు చూడలేదు, కోడలి వైపు చూడలేదు.

"నేనూ..." అన్నాడు. "పెళ్లయిన దగ్గర్నుంచీ అన్నాను."

ఇంకేదో అనబోయాడు, రాలేదు. లోడుతో ఉన్న లారీలని ఘాట్ రోడ్డు ఎక్కించిన మనిషి అక్కడ ఆగిపోయాడు.

అత్త ఆయన్ని అలాగే చూస్తూ నిలబడింది. తోసిపుచ్చలేదు, పోనీలెమ్మనలేదు.

"అన్నారు," అంది. "కూర్చోండి. చల్లారిపోతుంది."

నలుగురూ కూర్చున్నారు. అన్నం, కూర, మజ్జిగ. మామ చెయ్యి చాచి అన్నం గిన్నె దగ్గరికి లాక్కున్నాడు. తను వేసుకోలేదు. ముందు అత్త కంచంలో వడ్డించాడు, కొంచెం కింద చిందింది.

ఆవిడ చాలనలేదు. కూర కలుపుకుని తింది.