ఈ చేతిరాత నాది కాదు

పొద్దున్నే వెర్లీన్ పొయ్యి మీద గ్రిట్స్, అదే మొక్కజొన్న రవ్వ జావ, కలుపుతోంది. ఏడింటికల్లా స్కూలు బస్సు తీయాలి. బల్ల దగ్గర తల్లి ఒడెస్సా కోర్టు కాగితం పట్టుకుని కూర్చుంది.

“మళ్లీ కాదన్నారే. లాయర్నివ్వరట.”

“రెండుసార్లు అడిగాడుగా. ఇక ఊరుకోమను.”

“ఏం రాశారో విను. ‘ఖైదీ కార్నెల్ టిల్మన్ అర్జీలు చక్కటి దస్తూరీలో, స్పష్టంగా ఉన్నాయి. తన వాదన తానే వినిపించుకోగలడు.’ బాగా రాయడమే తప్పయిపోయింది వాడికి!”

కార్నెల్ వెర్లీన్ తమ్ముడు. ఆరేళ్ల కిందట ఆమె పనిచేసే దుకాణాన్నే దోచి జైలుకెళ్లాడు. ఆమె ఉద్యోగమూ పోయింది. ఆనాటి నుంచి వెర్లీన్ అతని ముఖం చూడలేదు. ఇప్పుడు, జైలువాళ్లు ఏడాదిపాటు తన కంటిమందు ఆపేశారని కార్నెల్ దావా వేశాడు. నేరం కేసయితే ప్రభుత్వమే లాయర్నిచ్చేది. ఇలాంటి హక్కుల దావాలో అది జడ్జి ఇష్టం.

“ఎనిమిదో క్లాసు దాటనివాడికి దస్తూరీ ఒకటా?” అంది వెర్లీన్. “నా ఉద్యోగం పోయినప్పుడు నాకోసం ఎవరమ్మా అర్జీ రాసింది?”

“తిట్టదలిస్తే వాడి ముఖం మీదే తిట్టు. నా మోకాళ్లు పనిచెయ్యక వాణ్ని చూసి ఏడాదయింది. ఒక్కసారి తీసుకెళ్లు. మళ్లీ అడిగితే అప్పుడను.”

వెర్లీన్ పొయ్యి ఆర్పి, “సరే, శనివారం వెళ్దాం,” అంది.

శనివారం జైలు ములాఖత్ గదిలోకి కార్నెల్ గోడ తడుముకుంటూ వచ్చాడు. తల్లి పిలుపు విని ఇటు తిరిగాడు. చూపు మాత్రం వాళ్లిద్దరి మధ్య ఉన్న ఖాళీ మీద నిలిచింది.

“నీతో ఎవరో ఉన్నారమ్మా. ఎవరు?”

వెర్లీన్ అతని ముఖానికి దగ్గరగా వంగింది. “నేనేరా. వెర్లీన్‌ని.”

“అక్కా!” అతను ఆ గొంతు వైపు చెయ్యి చాచాడు. “వెలుతురు తెలుస్తుందక్కా. మనుషులే తెలియరు. అమ్మ బెంగపడుతుందని ఫోన్లో చెప్పలేదు.”

“మరి ఆ అర్జీలు?”

“చెప్పేది నేను. రాసేది మా గదిలో ఉండే ఆంబ్రోస్ తాత. చట్టం పుస్తకాలు ఆయన చదువుతాడు, నేను విని గుర్తుపెట్టుకుంటా.”

రెండో అర్జీ మొదటి నుంచి అప్పజెప్పాడు. మందు కోసం ఏ తేదీన అడిగాడు, ఎవరు ఏమన్నారు, ఏ తీర్పులో ఏ మాట ఉంది, నలభై ఒక్క పేరాలూ ఎక్కడా తడుముకోలేదు. చిన్నప్పుడు పదాల పరీక్షంటే పారిపోయిన తమ్ముడేనా వీడు?

“జడ్జికి ఇది చెప్పలేదేంరా పిచ్చోడా?” అంది వెర్లీన్.

“చెబితే జైలువాళ్లు తాతని వేరే చోటికి మార్చేస్తారేమోనని. ఆ సంగతీ రాద్దామనే ఆయన అంటున్నాడు, నాకే భయం. ఆయన లేకపోతే నా నోరు పోయినట్టే.” తల వంచి, “దుకాణం సంగతి... అక్కా, నేను...” అన్నాడు.

“అది తీరిగ్గా తిడతాను. ముందు ఇది రాయించు. నా కళ్లతో చూసింది నేనూ రాసి సంతకం పెడతా.”

మూడో అర్జీ ఒక్క పేజీయే. “జడ్జిగారూ, ఈ చేతిరాత నాది కాదు. నాకు కనబడదు,” అని మొదలైంది. దానికి వెర్లీన్ ప్రమాణపత్రం జతచేశారు.

నెల తర్వాత కోర్టు నుంచి కవరు వచ్చింది. ఆ సాయంత్రం కార్నెల్ ఫోన్ చేయగానే వెర్లీన్ చదివి వినిపించింది. తన దావా తాను నడుపుకోగలడన్న పాత అభిప్రాయాన్ని కోర్టు వెనక్కి తీసుకుంది. హెలెన్ ప్రూయిట్ అనే లాయర్ని అతనికి నియమించింది.

అవతల కార్నెల్ ఎవరివైపో తిరిగి, “తాతా, విను,” అన్నాడు. ఒక్కసారి విన్న ఆ ఉత్తర్వును మొదటి అక్షరం నుంచి చెప్పుకుపోయాడు. దూరంగా ఒక ముసలి గొంతు, “ప్రభువా, ప్రభువా,” అంటూ ఏడుస్తోంది.

వెర్లీన్ కాగితం మీద వేలు పెట్టి తమ్ముడి మాటల వెంటే వరుసగా వెళ్లింది. ఒక్క మాట తప్పలేదు. సగం పేజీ దాటాక ఆమెకీ అక్షరాలు కనబడలేదు. కళ్లు తుడుచుకోకుండా అలాగే వింటూ కూర్చుంది.