ఏడో బటన్‌లో ఒక అక్షరం

విక్టర్‌కు ఐదు భాషలు వచ్చు. మూడు పాస్‌పోర్టులున్నాయి. స్పీడ్ డయల్ పెట్టుకోవడం మాత్రం రాదు.

స్మార్ట్‌ఫోన్ అయితే దొరికిపోతానని బటన్ల ఫోన్ కొన్నాడు. దాన్ని ముట్టుకోవడం నామోషీ. అందుకని ఇక్కడ అందరూ చేసే పనే చేశాడు. సెట్టింగ్ కోసం సెల్ షాపుకు పంపాడు. ఆదోనిలో ప్రమాదమని ఎమ్మిగనూరుకు పంపాడు. మహా మేధావి!

ఫోన్ తెచ్చింది దీప. ఎర్ర చీర, నల్ల కళ్లద్దాలు. ముఠాలో విక్టర్‌కు సెక్రటరీ. అసలు కొలువు మన ఇంటెలిజెన్స్ డిపార్ట్‌మెంట్‌లో. షాపు కౌంటర్ వెనక మాసిన చొక్కాతో కూర్చున్నది ఏజెంట్ గురుదత్.

“పగిలిన టెంపర్డ్ గ్లాస్ ఉందా అన్నా?” కోడ్ వర్డ్.

“పగలనిదే లేదు.”

దీప చీటీ ఇచ్చింది. ఏడో బటన్‌లో పెట్టవలసింది: ఒక నంబర్, రెండు p లు, స్టార్ 4471 హ్యాష్. బాంబుకు తగిలించిన అవతలి ఫోన్ కాల్‌ను దానంతటదే ఎత్తుతుంది. p కి రెండు సెకన్ల చొప్పున నాలుగు సెకన్లు ఆగి కోడ్ వెళ్తుంది. బాంబు పేలుతుంది.

“యాడ పెట్టినాడు?”

“ఆదోని మార్కెట్ యార్డులో, ఏదో పత్తి బోరెం మూటలో. ఏదనేది వానికొక్కనికే తెలుసు. రేపు పదకొండుకు నొక్కుతాడు.” దీప కౌంటర్ మీదికి వంగింది. “మా నాయన పత్తి తీసుకొని ఆడికే వస్తాండాడు అన్నా. రావద్దని సెప్తే యార్డంతా తెలుస్తాది. వీడు అప్పుడే నొక్కేస్తాడు. నంబరే తప్పు ఎక్కించు.”

“అట్లయితే బాంబు దొరకదు, ఇంకో దినం పేలుస్తాడు. కాల్ కలవాల. అప్పుడే యార్డులో మనోళ్ల డిటెక్టర్ దాన్ని పసిగడతాది. కోడ్ మాత్రం పోగూడదు.”

గురుదత్ p లు రెండూ చెరిపేసి, స్టార్ బటన్‌ను ఇంకోసారి ఎక్కువ నొక్కాడు. w వచ్చింది. p అయితే ఆగి పంపుతుంది. w అయితే అడిగి పంపుతుంది.

మర్నాడు పదకొండు. యార్డుకు ఎదురుగా లాడ్జి గది. విక్టర్ కిటికీలోంచి రైతులను చూసి మూతి విరిచాడు. “మట్టి మనుషులు!” ఏడు నొక్కి చెవికి పెట్టుకున్నాడు. కాల్ కలిసింది.

నాలుగు సెకన్లు. ఎనిమిది. పేలుడు లేదు.

పక్కనే నిలబడిన దీప చెవిలోని రిసీవర్‌లో అరుపు: “దొరికింది! రామన్న ఆనుకొని కూర్చున్న బోరెం!”

రామన్న ఆమె తండ్రి.

విక్టర్ ఫోన్ దించి మొదటిసారి స్క్రీన్ చదివాడు. ‘*4471# టోన్లు పంపాలా?’ పళ్లికిలించి OK మీద బొటనవేలు పెట్టాడు. అది దిగేలోగా దీప ఫోన్ లాగేసి బ్యాటరీ ఊడబీకింది. లాడ్జి బాయ్ వేషంలో గురుదత్ రివాల్వర్‌తో లోపలికొచ్చాడు.

“లాడ్జి బాయ్!” విక్టర్ నోరు తెరిచాడు.

“సెల్ షాపువాణ్నీ నేనే. ఇన్ని దేశాలు తిరిగినావు. సొంత ఫోన్‌లో ఏముందో సూసుకోలేకపోయినావు. థూ!”

బాంబును తీసేసిన పది నిమిషాలకు దీప ఫోన్ మోగింది. రామన్న.

“అమ్మా, ఈడ పోలీసోళ్లు నన్ను లేపి దూరం తరిమినారు, ఎందుకో ఏమో. అది సరేగానీ, నీ నంబరు ఒక్క బటన్‌కే పెట్టించుకుందామని సెల్ షాపుకు పోతాండా.”

కళ్లు తుడుచుకుంటూ దీప గురుదత్ వైపు చూసింది.

“వద్దు నాయనా. నేనే వచ్చి పెడతా.”